నీళ్ళు పెరిగాయా?

లోమాల్తా
మార్చి, శనివారం

బావ అర్సేసియోకి,

నాలుగు రోజుల ముసురు తర్వాత ఈ పొద్దున కాస్త తెరిపిచ్చింది. తెరిపి ఉండగానే కింది చేలో చెరకు నరికి, కంచరగాడిదల మీద గానుగ దగ్గరికి చేర్చాం. పిప్పి తడిసిపోయింది. పొయ్యి అంటుకునేసరికే పొద్దెక్కింది, పొగకి కళ్ళు వాచాయి. పాకం మాత్రం బాగానే వచ్చింది. రెండు బెల్లం అచ్చులు పాల లారీ ఉల్పియానో చేతికిచ్చి పంపుతున్నాను. ఒకటి మా చెల్లి రుబియేలాకి, ఒకటి పిల్లలకి. నీకేం లేదు. నీకు సారా ఉందిగా.

అసలు సంగతి వేరే. నిన్న సహకార సంఘం మీటింగుకి నగరం నుంచి యెసెనియా అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. వరద వస్తుంటే ముందుగా చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేస్తున్నారట. రేవు దగ్గర ఒక ఇనప గుంజ పాతుతారు. నీటిమట్టం మారితే గుంజ పసిగడుతుంది. దగ్గర్లో ఉన్న మనిషి ఒకడు పసుప్పచ్చ పెట్టె పెట్టుకుని కూర్చుంటాడు. పెట్టె ‘నీళ్ళు పెరిగాయా?’ అని అడుగుతుంది. అవును, లేదు అని రెండే బటన్లు. కింద లా ప్లాయితాలో మీ ఇళ్ళకి తలా ఒక ఫోనిస్తారు, అవి మోగుతాయి. ఈ పెట్టెలోంచి మాట్లాడ్డానికి లేదు. మా ఊళ్ళో సిగ్నల్ ఎప్పుడూ లేదు కాబట్టి మనకి మళ్ళీ ఈ ఉత్తరాలే గతి.

“ఇది ఇంకా పూర్తికాలేదు. తప్పులు చేస్తుంది. ఎక్కడ తప్పు చేస్తోందో చెప్పడమే మీ పని. జీతం ఉండదు,” అందా అమ్మాయి. ఆ చివరి ముక్కతో అందరూ చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. నేనెత్తాను. కొండ మీద ఉన్న మా ఊళ్ళో నది మూలంగా ఎవరూ పోరు. పోయేది మీరు. మా నాన్న నాటి వరద సంగతి నీకు తెలుసు, అది మేట వేసిన ఇసక మీదే ఇప్పుడు నీ ఇల్లుంది.

ఒక టోపీ ఇచ్చారు. నాకు బిగుతుగా ఉంది.

నీ బావ
ఎలియోదోరో


లా ప్లాయితా
మార్చి చివర, మంగళవారం

బావ ఎలియోదోరోకి,

బెల్లం అందింది. నా పేరు లేకపోయినా నేనే ముందు కొరికాను.

నీ ఫోన్లు వచ్చాయి. ఆరిళ్ళకి ఆరు. వచ్చిన మూడో రోజే మోగాయి. అలాంటి ఇలాంటి మోత కాదు, కత్తి చూసిన పందిలాగా అరిచాయి. అన్నాల వేళ. ఇంట్లోవాళ్ళ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. నేను నడుము లోతు నీళ్ళలో ఇసక తోడుతున్నాను, పార పడేసి పరిగెత్తాను. మీ చెల్లెలు పిల్లల్నీ కోళ్ళనీ పట్టుకుంటే నేను దొరసానిని భుజానికెత్తుకున్నాను. దొరసాని అంటే మా పంది. క్రిస్మస్ దాకా దాన్ని బతికించాలి కదా. మెట్ట మీద చాపెల్ దాకా ఎక్కేసరికి దానికంటే నేనెక్కువ ఆయాసపడ్డాను.

సాయంత్రం దాకా కూర్చున్నాం. నది మా వంక చూసి నవ్వుతోంది. మా ఊరి పెద్దావిడ దోన్యా తూలియా అందరి ముందూ అంది కదా, “మీ బావ పైన బెల్లం తింటూ బటన్లు నొక్కుకుంటున్నాడు, మనం కింద పందుల్ని మోస్తున్నాం.”

ఏం జరిగిందక్కడ?

అర్సేసియో


లోమాల్తా
ఏప్రిల్, సోమవారం

బావా,

ఆవు. ఎగువ గానుగ గ్రాసియానో ఆవు దురద పుట్టి గుంజకి వీపు రుద్దుకుంది. గుంజ ఊగితే నీళ్ళనుకుంది సాఫ్ట్‌వేర్. పెట్టె నన్ను అడగను కూడా అడగలేదు, తనంతట తనే మీకు మోగించేసింది.

పెట్టెలో రాసి పంపడానికి ఒక చోటుంది. ఇక్కడ రాసినవి అక్కడ సోమవారం సోమవారం చదువుతారు. జరిగింది రాశాను. యెసెనియా జవాబిచ్చింది, ‘చాలా మంచి తప్పు పట్టారు, ఆవు సంగతి మాకెవరికీ తట్టలేదు’ అని. గుంజ చుట్టూ ముళ్ళకంచె వేశాను. తర్వాత అప్‌డేట్ అని ఒకటి వచ్చింది. దాంతో ఆవు తప్పు పోయి, అక్షరాలు చీమలంత అయిపోయాయి. అదీ రాశాను. అక్షరాలు పెద్దవయ్యాయి కానీ ‘లేదు’ బటన్ కనిపించకుండా పోయింది. అదీ రాశాను. ఒక చిల్లు పూడిస్తే ఇంకో చిల్లు. అయినా ఒకటి చెప్తాను, నవ్వకు. నేను రాసిన మాట చదివి నగరంలో ఎవరో ఒకటి మారుస్తున్నారు. ఈ యాభై నాలుగేళ్ళలో నేను చెప్పిన మాటకి ఎక్కడా ఏదీ మారలేదు.

మీరు ఆ రోజు పరిగెత్తి మంచిపనే చేశారు. మళ్ళీ మోగినా పరిగెత్తండి.

ఎలియోదోరో


లా ప్లాయితా
పవిత్ర వారం అయిన మర్నాడు

బావా,

నీ మాట విని పరిగెత్తాం. ఒకసారి కాదు, మూడుసార్లు.

మూడోది గుడ్ ఫ్రైడే నాడు. ఊరేగింపు మధ్యలో తూలియా రవికెలోంచి మోగింది. క్రీస్తుని మోస్తున్నవాళ్ళు విగ్రహాన్ని రోడ్డు మధ్యన దించేసి మెట్ట ఎక్కారు. ఫాదర్ ఒక్కడూ కింద నిలబడి, “ఆయన్ని రెండోసారి వదిలేశార్రా!” అని అరిచాడు. అప్పుడు మోత ఆగింది. దిగి విగ్రహాన్ని భుజానికెత్తుకున్నామో లేదో మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. అదేం పెళ్ళి డప్పా?

ఇక ఎవరూ పరిగెత్తేలా లేరు. తూలియా ఫోనుని పొదిగే కోడి కింద పెట్టింది, పొదిగితే కొత్త ఫోనన్నా వస్తుందేమోనని. ఆవిడ కొడుకులు దాన్ని నదిలో పారేస్తామన్నారు, నేనే బతిమాలి ఆపాను. రెండోసారే దొరసాని కూడా కదల్లేదు, బురదలో పడుకుని నా మొహంలోకి చూసింది.

అందుకని మేం ఆరిళ్ళవాళ్ళం కూర్చుని ఒక మాటనుకున్నాం. ఆ ఇనప గుంజని మేం నమ్మం. నిన్ను నమ్ముతాం. నువ్వు కళ్ళారా చూసి ‘అవును’ అంటేనే మా ఫోన్లు మోగాలి. నువ్వు ‘లేదు’ అంటే నోరు మూసుకోవాలి. మీ ఇంజనీరమ్మకి అలా చెప్పు. చెప్పకపోతే ఈ ఆరు ఫోన్లూ పాల డబ్బాలో వేసి పైకి పంపిస్తాం.

అర్సేసియో

అన్నయ్యా, ఈయన కోపంలో రాశాడు. కానీ చిన్నదానికి రాత్రిళ్ళు జ్వరం, పరుగులు పెట్టి. వీలైతే చూడు. రుబియేలా.


లోమాల్తా
మే, ఆదివారం

బావా,

వాన వదలడం లేదు. గానుగ పని సగం రోజులే. చెరకు నరికినది నరికినట్టే పులుస్తోంది.

గుడ్ ఫ్రైడే తప్పు మా మామ గుమెర్సిందోది. నేను గుడికి వెళ్తే పెట్టె ఆయనకిచ్చాను. అడిగినప్పుడు ‘అవును’ నొక్కి, భయపడి ‘లేదు’ నొక్కి, అది తప్పేమోనని మళ్ళీ ‘అవును’ నొక్కి, చివరికి ‘లేదు’ నొక్కాడు. ఇక ముందు ఎవరికీ ఇవ్వను.

యెసెనియా స్వయంగా వచ్చింది. మీరు అడిగింది చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు.

“ఎలియోదోరో గారూ, మొత్తం ఒక్క మనిషి వేలి మీద పెడుతున్నారు. మీరు నిద్రపోతే? పొరబడితే?”

“రేవు నా గానుగకి ఎదురుగానే ఉంది. పాకం చూసినట్టు నదినీ చూస్తాను.”

“గుంజ చెప్పింది కూడా ఉండనిద్దాం. రెండూ ఉంటే మంచిది.”

“అమ్మా, మోగుతూ ఉంటే వాళ్ళు ఫోన్లు పారేస్తారు. పారేశాక నీ గుంజ ఎవరికి చెప్తుంది?”

చివరికి ఇంకో మనిషిని వెతికే దాకా, పరీక్షకి మాత్రమే అని ఒప్పుకుంది. ఇంకొకటి నేనే అడిగాను. మామ చేసినట్టు ఎవరూ చేయకుండా, ఒకసారి జవాబు నొక్కాక ఒక రోజంతా మార్చడానికి వీల్లేకుండా చెయ్యమన్నాను. తల గోక్కుంది, రాసుకుంది. ఆ అప్‌డేట్ పోయిన వారం వచ్చింది. దానికి వాళ్ళ ఆఫీసులో నా పేరే పెట్టుకున్నారట, ‘ఎలియోదోరో మార్పు’ అని. జిల్లా రేడియోలో కూడా చదివారు. మామ విన్నాడు, వారం రోజులుగా నాతో మర్యాదగా మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు నేను చూస్తేనే మోగుతుంది. నిద్రపొండి.

పైన గ్రాసియానో గానుగ దాటాక, కొండ పక్కన ఒక బీట వచ్చిందని కట్టెలవాళ్ళు అన్నారు. ఆ వాలులో ప్రతి ఏడూ వస్తుంది.

ఎలియోదోరో


లా ప్లాయితా
జూన్, గురువారం

బావా,

ఈ ఉత్తరంతో ఆరు చేపలు పంపుతున్నాను, ఉప్పు రాసి. ఇంటికొకటి. పెద్దది తూలియా ఇచ్చింది. అంటే నువ్వు గెలిచావన్నమాట.

సోమవారం నీ ఫోను మోగింది. ఈసారి అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. “ఎలియోదోరో చూసే ఉంటాడు,” అన్నాను నేను. ఎక్కాం. అర్ధగంట తిరక్కుండానే నీళ్ళు వచ్చాయి. పెద్ద వరదేం కాదు. నా ఇసక గుంటలు మునిగాయి, తూలియా కోళ్ళగూడు పోయింది. కానీ నా పడవ, పారలు, అన్నీ పైనే ఉన్నాయి. పిల్లలు చాపెల్ మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టారు. ఏ వరద వచ్చినా చప్పట్లు కొట్టకూడదని ఒక్కొక్కడికీ ఒక్కటిచ్చాను.

అప్పట్నుంచి ఊరికి వేరే ధైర్యం వచ్చింది. ఇదివరకు వాన గట్టిగా పడితే తూలియా దుప్పటి తీసుకుని చాపెల్‌కి వచ్చి పడుకునేది. ఇప్పుడు రావడం లేదు. “పైన ఆ మనిషి చూస్తున్నాడు కదా. ఫోను మోగలేదంటే ఆకాశం విరిగి పడ్డా నేను మంచం దిగను,” అంటోంది. ఫోనుని కోడి కింద నుంచి తీసి మరియమ్మ బొమ్మ పక్కన పెట్టుకుంది. రోజూ తుడుస్తోంది.

నేనూ అంతే అనుకో. నీ మీద నాకు నమ్మకం కుదరడానికి పద్దెనిమిదేళ్ళూ ఒక వరదా పట్టాయి.

అర్సేసియో


లోమాల్తా
జూన్ చివర, శుక్రవారం

బావా,

చేపలు తిన్నాం. మామ రెండు తిన్నాడు.

మూడు రోజులుగా పోస్తూనే ఉంది. అయినా గానుగ ఆపలేదు. పులిసిన చెరకు ఇంకా ఆపితే పారబోయడమే. పొద్దున్నించీ పెనం దగ్గరే ఉన్నాను. ఇది గానుగ ఆడే వారం, గ్రాసియానో కూడా మొదలుపెట్టినట్టున్నాడు. నది బాగా తగ్గింది. అతను చక్రం తిప్పడానికి నీళ్ళు తన కాలవలోకి మళ్ళించినప్పుడల్లా మా రేవు దగ్గర రాళ్ళు బయటపడతాయి, నీకు తెలిసిందే. ఈసారి ఎక్కువే మళ్ళించాడు, పిల్లలు నడిచి దాటుతున్నారు.

గుంజ మట్టం మారిందని చూసినట్టుంది, మధ్యాహ్నం పెట్టె అడిగింది, నీళ్ళు పెరిగాయా అని. పెనం దించే వేళ అడుగుతుంది ఎప్పుడూ. చెయ్యి తుడుచుకుని ‘లేదు’ నొక్కాను. తగ్గాయి అని చెప్పడానికి బటన్ లేదు. అదొకటి రాయాలి, సోమవారం చదువుతారు.

రేపు పొద్దున ఉల్పియానోతో ఈ ఉత్తరం, కొత్త బెల్లం పంపుతాను.

శనివారం. తెల్లవారింది.

పైది నిన్న రాశాను. వేరే కాగితం లేదు.

ఇప్పుడే గ్రాసియానో వచ్చాడు. “మీ రేవులోనన్నా నీళ్ళున్నాయా?” అని అడిగాడు.

“నువ్వే కదా మళ్ళించుకున్నావు,” అన్నాను.

“నేనెక్కడ మళ్ళించాను? నా చక్రం నిన్న పొద్దున్నుంచి ఆగిపోయింది. కాలవ ఎండిపోయి చేపలు కొట్టుకుంటున్నాయి. నువ్వు కింద ఏమైనా చేశావేమో అని తిట్టుకుంటూ వచ్చాను, కిందున్నవాడు పైవాడి నీళ్ళెలా ఆపుతాడన్నది దారిలో తట్టింది.”

బావా, అతని గానుగకి పైన కొండ జారి నదికి అడ్డం పడింది. నిన్నటి నీళ్ళూ రాత్రి వాన నీళ్ళూ అన్నీ దాని వెనకాలే ఉన్నాయి. ఆ మట్టి ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలీదు.

‘అవును’ నొక్కాను. పదిసార్లు నొక్కాను. ‘మీ జవాబు మాకందింది, ధన్యవాదాలు’ అంటోంది. నిన్నటి జవాబు. ఈ మధ్యాహ్నం దాకా మారదు. అలా చెయ్యమన్నది నేనే. రాసే చోట రాశాను, దాన్ని సోమవారం దాకా ఎవరూ చూడరు.

మధ్యాహ్నం పెట్టె మళ్ళీ అడిగినప్పుడు ఎవరో ఒకరు ఇక్కడుండి నొక్కాలి. మామ మీద వదల్లేను. అందుకే నేను రావడం లేదు. ఉల్పియానోకి దారిలో ఎక్కడా ఆగొద్దని చెప్పాను, పాలు పోసుకోకుండా బయలుదేరాడు.

ఇది చదివిన వెంటనే లేవండి. ఫోను మోగే దాకా చూడకండి. మోగదు. అందరికీ చెప్పు. రుబియేలానీ పిల్లల్నీ లారీ ఎక్కించు.

ఎలియోదోరో


లోమాల్తా
జూలై, బుధవారం

రుబియేలాకి,

దారి తెగిపోయింది. ఉల్పియానో తిరిగి రాలేదు, అటు పక్కనే చిక్కుకున్నాడన్నారు. ఈ ఉత్తరం గ్రాసియానో పెద్దకొడుకు కొండ మీదుగా నడిచి తెస్తున్నాడు. నీవి రెండు మాటలన్నా అతని చేతికివ్వు.

శనివారం మధ్యాహ్నానికి కొంచెం ముందు పైనుంచి చప్పుడు వచ్చింది. గానుగ కింద నేల అదిరింది. నీళ్ళలో రాళ్ళు, చెట్లు, గ్రాసియానో చక్రం. ఇనప గుంజ పోయింది. అదంతా కిందికి పోతుండగా పెట్టె అడిగింది, నీళ్ళు పెరిగాయా అని. ‘అవును’ నొక్కాను. తీసుకుంది.

యెసెనియా సోమవారం నేను రాసింది చదివింది. నిన్న అటు కొండ ఎక్కి కాలినడకన వచ్చింది. గానుగ దగ్గర రాయి మీద కూర్చుంది. నేనొద్దని చెప్పాల్సింది అంది. నువ్వు చెప్పావు, నేను వినలేదు అన్నాను. ఆమె వెళ్ళేటప్పుడు పెట్టె ఇచ్చేశాను. టోపీ కూడా.

మీ సంగతి ఎవరూ సరిగా చెప్పడం లేదు. ఒకడు అందరూ బయటపడ్డారంటాడు, ఇంకొకడు ఎవరూ లేరంటాడు. నువ్వు రాయి. ఎవరెవరు బయలుదేరారు, ఎప్పుడు బయలుదేరారు, అది చాలు.

అన్నయ్య


మెట్ట మీద చాపెల్
జూలై, శుక్రవారం

అన్నయ్యా,

నేనూ పిల్లలూ బాగున్నాం. చాపెల్లో ఉంటున్నాం. పగలు మగవాళ్ళు నది వెంట వెతుకుతున్నారు. వాన తగ్గింది. లా ప్లాయితా ఉన్నచోట రాళ్ళు తప్ప ఏం లేదు.

నువ్వు నొక్కింది మాకందింది. నీళ్ళు మా ఇళ్ళ మీద ఉన్నప్పుడు ఫోన్లు మోగాయి. నా చేతిలోదీ, పక్కవాళ్ళ చేతుల్లోవీ. కింద నుంచి వినపడలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఉల్పియానో హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. అప్పటికి పొద్దున గంజి పొయ్యి మీదే ఉంది. నీ ఉత్తరం ఇసకలోనే నిలబడి చదివాడు మీ బావ. జోకేం వెయ్యలేదు. నేనూ ముగ్గురు పిల్లలూ గంజి వదిలేసి లారీ ఎక్కాం. దొరసాని లారీ వెనకాలే తనంతట తను నడిచి వచ్చింది.

పక్కింటి ఓబ్దులియా, ఆమె మొగుడు, వాళ్ళింటి ముసలాయన మా తర్వాత లారీ రెండో ట్రిప్పులో వచ్చారు.

పడవలవాళ్ళ రెండిళ్ళూ నడిచి వచ్చాయి. వాళ్ళు వచ్చేసరికి చాపెల్లో పదింటి గంట కొట్టారు.

బడి వెనక ఇంటివాళ్ళు ముందు రామన్నారు, మీ బావ వాళ్ళ పొయ్యిలో నీళ్ళు పోశాక తిట్టుకుంటూ వచ్చారు.

దోన్యా తూలియా, ఆవిడ ఇద్దరు కొడుకులు బయలుదేరలేదు. ఫోను తెచ్చి మీ బావకి చూపించింది. “చూడు, మోగలేదు. పైన ఆ మనిషి ఉన్నాడు కదా, నీకంటే ఆయనకి తెలీదా?” అంది. ఉత్తరం ఆయనదే అన్నాడు మీ బావ. ఉత్తరాలు ఎవరైనా రాస్తారు, ఫోను మోగితే వస్తాను, చిక్కుళ్ళు పొయ్యి మీదున్నాయి అంది.

మీ బావ పైకి వచ్చి మమ్మల్ని లెక్క చూసుకున్నాడు. నీళ్ళు తాగాడు. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఆవిడకి నీ చేతిరాత చూపిస్తానని.

చాపెల్లో మధ్యాహ్నం గంట కొట్టడానికి కొంచెం ముందు మళ్ళీ కిందికి వెళ్ళాడు.

రుబియేలా